చొక్కా కుట్టినవాళ్ల కష్టాలకు బాధ్యత కొన్నవారిదా, కుట్టించిన కంపెనీదా?

చొక్కా కాలరు వెనక చిన్న పట్టీ ఉంటుంది. ఏ దేశంలో కుట్టారో, ఎలా ఉతకాలో చెబుతుంది. కుట్టినవాళ్లకి ఓవర్‌టైమ్ డబ్బులు ఇచ్చారో లేదో మాత్రం ఉండదు. కొనేవాళ్లకు తెలిసేది అంతే.

కంపెనీ సంగతి వేరు. ఏ ఫ్యాక్టరీకి ఆర్డర్ ఇవ్వాలో, ఎంత రేటుకో, ఎన్ని రోజుల్లో కావాలో తేల్చేది అదే. రేటు కోసి గడువు కుదిస్తే, ఆ భారం చివరికి మిషన్ ముందు కూర్చున్న మనిషి మీదే పడుతుంది. అందుకే నా లెక్కలో ముప్పాతిక వంతు బాధ్యత కంపెనీదే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే పగుళ్లు కనబడ్డాయి, అయినా పనిలోకి రప్పించారు. ఎక్కడో షాపులో బట్టలు కొనేవాళ్లకు ఆ పగుళ్లు ఎలా కనబడతాయి? ఆ తర్వాత బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి, చట్టపరంగా కట్టుబడాల్సిన భద్రతా ఒప్పందం చేసుకున్నాయి.

అలాగని కొనేవాళ్లది ఏమీ లేదనలేం. 1990లలో విద్యార్థులు, వినియోగదారులు గట్టిగా నిలదీశాక, 1998లో నైకీ తన బూట్ల ఫ్యాక్టరీల్లో పనివాళ్ల కనీస వయసు 18కి పెంచుతామంది. ఒక్కరు కొనడం మానేస్తే ఎవరికీ తెలియదు. పదిమంది కలిసి అడిగితేనే కంపెనీకి టెన్షన్. నేనైతే, ఆఫర్ బోర్డు చూడగానే పట్టీ సంగతి మర్చిపోయే రకం.