పేటెంటు తీసుకోవాలా, వదిలేయాలా? ఇన్సులిన్, గ్రాఫీన్ చెప్పే రెండు దారులు

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల డయాబెటిస్ రోగికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందులో మలినాలు ఎక్కువ, అలర్జీ వచ్చింది. ఆ బృందంలోని బయోకెమిస్ట్ కాలిప్ పగలూ రాత్రీ కూర్చుని దాన్ని శుద్ధి చేశాక, అదే నెలలో ఇచ్చిన రెండో విడత పనిచేసింది. నాకు అన్నిటికన్నా నచ్చేది తర్వాత జరిగింది. 1923లో ఇన్సులిన్ కనిపెట్టిన బృందంలోని బాంటింగ్, బెస్ట్, కాలిప్ పేటెంటు హక్కుల్ని తలా ఒక్క డాలరుకే టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేశారు. వేరెవరో పేటెంటు పట్టుకుని మందుని గుప్పిట్లో పెట్టుకోకూడదని, నాసిరకం సరుకు రోగుల దాకా వెళ్లకూడదని.

గ్రాఫీన్ కథ వేరు. 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీలో గైమ్, నోవోసెలోవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫైట్ (పెన్సిల్ ములికిలో ఉండే పదార్థం) మీద మామూలు టేపు అంటించి, పీకి, మళ్లీ మళ్లీ మడిచి ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర తీశారు. అదే గ్రాఫీన్. పేటెంటు తీసుకోకుండా పరిశోధన పేపర్ ప్రచురించారు. టేపుంటే ఎవరైనా చేసి చూడొచ్చు, అందుకే ప్రపంచమంతా ల్యాబులు దాని మీద పడ్డాయి. 2010లో నోబెల్ వచ్చింది.

మందైతే నేను టొరంటో దారికే ఓటేస్తాను: మోతాదు తప్పితే ప్రాణం పోతుంది, నాణ్యత చూసే చెయ్యి ఒకటి ఉండాలి. దేనికి వాడాలో ఇంకా తేలని పదార్థానికి మాంచెస్టర్ దారే మేలు.