పంది తొలి ఈతకు ఏది మేలు: ఇనుప క్రేటా, గొట్టాలు బిగించిన గదా?

ఒకటి రెండు ఆడపందులతో మొదలుపెట్టేవాళ్లకు తొలి ఈత ముందు తేల్చుకోవాల్సింది ఈనే చోటు సంగతి. ఇనుప క్రేట్ కొనాలా, ఉన్న గదిలోనే గోడల వెంట గొట్టాలు బిగించి తల్లిని వదిలేయాలా? మన గోదావరి లంకల్లో, కాలువ గట్ల పక్కన పెంచేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. దానికి ఒక మినహాయింపు ఉంది.

క్రేట్ గొప్ప ఏమిటో ముందు ఒప్పుకోవాలి. దాదాపు ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న చట్రం అది. తల్లి అందులో లేస్తుంది, పడుకుంటుంది, వెనక్కి మాత్రం తిరగలేదు. దబ్బున కూలబడే వీలు లేదు కాబట్టి పిల్లలు పక్కకు తప్పుకుంటాయి. పుట్టిన పిల్ల బరువు కిలో, కిలోన్నర. తల్లి క్వింటాలు పైమాటే. తల్లి కింద నలిగి చనిపోయే పిల్లల్లో ఎక్కువ శాతం మొదటి మూడు రోజుల్లోనే పోతాయి. పెద్ద ఫారాలు క్రేట్ వదలకపోవడానికి కారణం అదే. పిల్లలకు సూది వేసేటప్పుడు తల్లి మీదకొచ్చి కరుస్తుందన్న భయం కూడా ఉండదు.

కానీ తొలిచూలు పంది ఈనడానికి ఒక రోజు ముందు నుంచే గడ్డి నోట కరచుకుని తిరుగుతుంది, మూలన పక్క పరుచుకుంటుంది. క్రేట్‌లో ఆ పని కుదరదు. కడ్డీలు కొరుకుతుంది, లేచి కూర్చుంటుంది. ఆ టెన్షన్‌లో ఈత ఆలస్యమవుతుంది. స్వీడన్, నార్వే, స్విట్జర్లాండ్ దేశాల్లో మామూలుగా క్రేట్ వాడటానికి చట్టమే ఒప్పుకోదు. మన దగ్గర దీనికి ఉక్క తోడవుతుంది. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడటమంటూ దాదాపు ఉండదు. ఈనిన తల్లికి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. మన ఊళ్లలో ఆ చలువ చలికాలం రాత్రుళ్లలో తప్ప ఎక్కడ దొరుకుతుంది? గదిలో అయితే తడిచోటు వెతుక్కుని పొర్లుతుంది, క్రేట్‌లో కదలకుండా రొప్పుతుంది. రొప్పే పంది మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పాలూ తగ్గుతాయి.

గది అంటే ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉంటే సరిపోతుంది. నేల నుంచి ఎనిమిది, పది అంగుళాల ఎత్తులో, గోడకు అంతే ఎడంగా గొట్టం బిగించాలి. తల్లి గోడకు జారబడి పడుకున్నా ఆ సందులో పిల్ల బతుకుతుంది. జీఐ పైపు ఖరీదనిపిస్తే సరుగుడు బాదులతో పని జరుగుతుంది, ఈత ఈతకు మార్చుకోవాలంతే. క్రేట్ కొనకుండా మిగిలిన డబ్బు నేల మీద పెట్టండి. మన నల్లమట్టిలో తేమ పైకి ఎగదన్నుతుంది. మెరక చేసి, వాలు పెట్టి, గరుకు సిమెంటు వేయిస్తే ఆ గది ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఏ పద్ధతైనా ఈతకు వారం ముందే పందిని ఆ చోటికి చేర్చి అలవాటు చేయాలి.

మినహాయింపు ఏమిటంటే, రాత్రి కాపలా ఉండే మనిషి లేని ఇల్లు. గొట్టాలు సగం పనే చేస్తాయి, మిగతా సగం మనిషి చేయాలి. రొయ్యల చెరువు మీద రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఇంకెవరూ లేనివాళ్లు క్రేట్ కొనుక్కోవడమే నయం. అప్పుడు కూడా ఈనాక నాలుగైదు రోజులు కాగానే క్రేట్ తలుపు తీసి వదిలేస్తే మంచిది.

తొలి ఈతలో కొన్ని పందులు బెదిరి సొంత పిల్లలనే కొరుకుతాయి. అలాంటిది కనిపిస్తే పుట్టిన పిల్లను పుట్టినట్టే తుడిచి గంపలో వెచ్చగా పెట్టి, ఈత అయ్యాక తల్లి పక్కకు ఒరిగినప్పుడు పొదుగుకు పట్టించాలి. ముర్రుపాలు మాత్రం ఆరు గంటల లోపు కడుపులో పడాలి. పంది పిల్లలకు రోగనిరోధక శక్తి మావి ద్వారా రాదు, ఆ పాలతోనే రావాలి. ఈత సాఫీగా ఉంటే పావుగంటకో, ఇరవై నిమిషాలకో పిల్ల పడుతుంది. ముక్కుతూ ముప్పావుగంట దాటినా పిల్ల రాకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

కింద పక్క పరచడానికి గడ్డా, ఊకా, కొబ్బరి పొట్టా? ఎండు వరిగడ్డే. జానెడు ముక్కలుగా నరికి వేయాలి, పొడుగు గడ్డిలో పిల్లల కాళ్లు చిక్కుకుంటాయి. వానలో తడిసి బూజు పట్టిన గడ్డి మాత్రం వద్దు. ఊక దుమ్ము తడి ముక్కులకు అంటుకుంటుంది. కొబ్బరి పొట్టు కోనసీమలో కావలసినంత దొరుకుతుంది, కానీ నీళ్లు పీల్చి చల్లగా ఉంటుంది. పేడ వేసే మూలకు వాడుకోండి.

వెచ్చదనం దగ్గర చాలామంది బల్బు ఒక్కటే నమ్ముకుంటారు. పుట్టిన పిల్లలకు 32 నుంచి 34 డిగ్రీలు కావాలి, తల్లికి అంత వేడి పనికిరాదు. అందుకే మూలన ఒక పెట్టె: పాత ప్లైవుడ్, లోపల గడ్డి, ముందు గోనెసంచి తెర. పైన రంధ్రం చేసి బల్బు పెడితే రెండూ కలిసొస్తాయి, తుఫానుకు కరెంటు పోయినా పెట్టె ఉంటుంది. ఎల్‌ఈడీ వద్దు, వెలుగు తప్ప వేడి రాదు.

ఈత వేసవిలోనా, చలికాలంలోనా అన్నది దాటించిన (పోతుతో కలిపించిన) రోజే తేలిపోతుంది. చూడి కాలం 114 రోజులు. ఆగస్టు 25న దాటిస్తే డిసెంబరు 17 ప్రాంతంలో ఈనుతుంది. సార్వా గడ్డి కొత్తగా ఎండి ఉంటుంది, వరదల సీజన్ దాటిపోతుంది. ఫిబ్రవరి 5న దాటిస్తే మే 30, అంటే రోహిణి కార్తె నడిమధ్య. ఒక ఎద వదిలేసినా పర్వాలేదు, ఆ లెక్క మాత్రం తప్పించుకోండి.

ఇక ఇనుము. తల్లిపాలలో అది చాలా తక్కువ. పిల్లకు రోజుకు ఏడు మిల్లీగ్రాములు కావాల్సి ఉంటే పాలతో ఒక మిల్లీగ్రాము వస్తుంది. మట్టిలో తిరిగే పిల్లలు కొంత తవ్వుకుని తింటాయి, సిమెంటు నేల మీద ఆ దారి లేదు. గదిలో గంపెడు మట్టి పోయడం పాత పద్ధతి, దానితో పాటు ఏలిక పాముల గుడ్లు కూడా వస్తాయి. మూడో రోజున 200 మిల్లీగ్రాముల ఐరన్ ఇంజెక్షనే మేలు. మెడ పక్కన ఎక్కడ వేయాలో మొదటిసారి పశువుల డాక్టరు చేత చూపించుకుంటే, రెండో ఈతకు మీరే వేసుకోవచ్చు.