క్రాంక్ పిన్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త: "హార్డెనింగ్ అయింది సార్" అన్న ఒక్క మాట నమ్మి మోసపోయాను

ఇంజన్ మళ్లీ విప్పి బల్ల మీద పెట్టి రెండు రోజులైంది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాద్దామనుకుంటే ఈలోపు ఇంకొకరు వెళ్లి ఆయన చేతిలో పార్టు పెడతారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

పాత బళ్ల పని చేయించుకునేవాళ్లకి ఆ లేత్ ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను. "పార్టు ఎక్కడా దొరక్కపోతే ఆయన దగ్గరికి వెళ్లు, చేసిపెడతాడు" అని మనలో మనం చెప్పుకునే మనిషే. నేనూ అలా విని వెళ్లినవాణ్ణే.

నా బండిది ఫ్రేమ్ ఒకచోటిది, ఇంజన్ ఇంకోచోటిది. 1950ల నాటి సింగిల్ సిలిండర్. అసలు కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉంటే వేరే ఇంజన్ రాడ్ తెచ్చి పెట్టాను. బీఎస్‌ఏ ఎం20 లాంటి బండి అయితే బాధ లేకపోను. 1937 నుంచి 1955 దాకా తయారైంది, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికే లక్షకు పైగా వెళ్లాయి, దాని పార్టులు ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. నాకు ఆ వీలు లేదు. ఫ్లైవీల్స్‌కి ఒక కొలత, రాడ్‌కి ఇంకో కొలత. ఆ రెండింటినీ కలిపేది క్రాంక్ పిన్. రెండింటికీ కుదిరే పిన్ ఎవరి దగ్గరా ఉండదు, చేయించుకోవాల్సిందే.

ఆ పిన్ మీద పడే భారం ఎంతో తెలియక ఇచ్చిన పని కాదు. 90 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజన్‌లో 400 గ్రాముల పిస్టన్ అనుకోండి. 4000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైదాకా వెళ్లి వెనక్కి తిరిగే క్షణంలో దాదాపు 400 కిలోల బలంతో పిన్‌ని లాగుతుంది. అలా సెకనుకి 66 సార్లు. పైగా ఈ ఇంజన్‌లో బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర) రోలర్లు నేరుగా పిన్ మీదే దొర్లుతాయి, మధ్యలో ఇంకేమీ ఉండదు. అందుకే పిన్ లోపల గట్టి దెబ్బ తట్టుకునేలా ఉండాలి, పైన మాత్రం గాజులా గట్టిగా ఉండాలి. ఈఎన్36 లాంటి, కార్బన్ తక్కువ ఉన్న స్టీల్ తీసుకుని, కార్బన్ ఎక్కే వాతావరణంలో 900 డిగ్రీల పైన గంటల తరబడి ఉంచి, ఆయిల్‌లో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద టెంపర్ చేసి, ఆ తర్వాతే గ్రైండింగ్‌తో చివరి కొలతకి తేవాలి. పైపొర ఒక మిల్లీమీటరు దాకా 60 హెచ్‌ఆర్‌సీకి (గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ అంకె) అటూఇటూగా గట్టిపడాలి. ఇదంతా ఆయనకి నేను చెప్పాల్సిన పని లేదు, నాకంటే బాగా తెలుసు. మొదటి రోజు ఆయనే నాకు పాఠంలా చెప్పాడు. అక్కడే నమ్మేశాను.

ఐదు వారాలు పట్టింది. తొందర లేదని మొదటే చెప్పాను. ఫోన్ చేసి, "హార్డెనింగ్ అయిందా అండీ?" అని అడిగాను. "అయింది సార్, ఫస్ట్‌క్లాస్‌గా వచ్చింది, వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే అందంగా ఉంది. గ్రైండింగ్ చేసిన చోట అద్దంలా మెరుస్తోంది, చివర్ల దగ్గర వేడికి వచ్చే నల్లటి రంగు. ఇంటికొచ్చి మైక్రోమీటర్ పెడితే ఎక్కడా తేడా మిల్లీమీటరులో వందో వంతు దాటలేదు. ఆయిల్ రంధ్రం అంచులు కూడా నున్నగా తీసి ఉన్నాయి. చేతిలో పనితనం లేనివాడు కాదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా అదే. బిల్లులో హార్డెనింగ్ అని విడిగా ఒక లైను, దానికి విడిగా డబ్బు. కట్టేశాను.

క్రాంక్ కూర్చి, ఫ్లైవీల్స్ సరిచేసి, ఇంజన్ ఎక్కించాను. నాలుగో కిక్‌కి స్టార్ట్ అయింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో రాయాలని కూడా లేదు ఇప్పుడు.

60 కిలోమీటర్లు నిండలేదు. ఎత్తు ఎక్కుతుంటే కింద నుంచి టక్ టక్ అని సన్నగా మొదలైంది. థ్రాటిల్ తగ్గిస్తే తగ్గుతుంది, ఇస్తే వస్తుంది. ఈ పని చేసేవాళ్లకి ఆ చప్పుడు వినగానే కడుపులో ఏమవుతుందో తెలుసు. వెంటనే ఆపి, బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను. డ్రెయిన్ ప్లగ్ విప్పి ఆయిల్ గిన్నెలోకి వదిలితే వెండి రంగు కలిసినట్టు తళతళలాడుతోంది. అయస్కాంతం ముంచి తీస్తే దాని చుట్టూ మీసాల్లా ఇనుప పొడి.

క్రాంక్ విడదీశాను. రోలర్లు తిరిగిన చోట పిన్ పైపొర పెచ్చులూడింది. బరువంతా పడే వైపు అడ్డంగా చారలు, వాటి మీద గోరు పెట్టి లాగితే ఒక్కోదాని దగ్గరా గోరు తట్టుకుంటోంది. రెండోవైపు ఇంకా అద్దంలాగే ఉంది. ఆ ముక్కలు రోలర్లలో పడి నలిగి రాడ్ కంటిని, అంటే పిన్ దూరే రంధ్రాన్ని కూడా గీసేశాయి. ఆ రాడ్ కోసం ఎన్నాళ్లు తిరిగానో.

పిన్ జేబులో వేసుకుని వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఆయన లేత్ మీద ఏదో పని చేస్తున్నాడు. పిన్ చూపించాను. "ఆయిల్ పంప్ పనిచేయట్లేదేమో చూసుకోండి సార్" అన్నాడు. చూశాను, బాగానే పనిచేస్తోంది, రిటర్న్ పైపు నుంచి ఆయిల్ వచ్చేది ట్యాంకు మూత తీసి చూసేవాణ్ణి అన్నాను. "అయితే ఆయిల్ మంచిది పోసి ఉండరు." ఇక ఆగలేక ఆయన బల్ల మీదే ఉన్న ఆకురాయి తీసుకున్నాను. పిన్‌ని వైస్‌లో బిగించి, పాడుకాని వైపున ఒక్కసారి తోశాను.

నిజంగా హార్డ్ అయిన పిన్ మీద ఆకురాయి జారిపోవాలి. గాజు మీద గీకినట్టు కీచుమనాలి, గీత పడకూడదు. ఇక్కడ ఆకురాయి కొరికింది. మెత్తగా, చప్పుడు లేకుండా కొరికింది. బల్ల మీద సన్నటి మెరిసే పొడి రాలింది. పిన్ మీద తెల్లటి పలక ఒకటి తేలింది. ఇద్దరం దాన్నే చూశాం.

అప్పుడు లేత్ ఆపాడు. తప్పయిందని అంటాడనుకున్నాను. ఆ ఒక్క మాట అని ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. "హార్డెనింగ్‌కి పంపితే ఒక్క పిన్ కోసం వాళ్లు ఫర్నేస్ వెలిగించరు సార్. గ్యాస్ టార్చ్‌తో కాల్చి ఆయిల్‌లో ముంచాను, అది చాలు. మీదేమన్నా రోజూ తిరిగే బండా? ఫొటోలు తీసుకునే బండే కదా" అన్నాడు. నా ముఖం కూడా చూడలేదు, మళ్లీ లేత్ వేసుకున్నాడు.

కార్బన్ తక్కువ ఉన్న స్టీల్‌ని ఎర్రగా కాల్చి ఆయిల్‌లో ముంచినంత మాత్రాన కావాల్సినంత గట్టిపడదు. ముందు పైపొరకి కార్బన్ ఎక్కాలి, అది టార్చ్ కింద పది నిమిషాల్లో అయ్యే పని కాదు. వచ్చేది నల్ల రంగు మాత్రమే. నేను ఆ రంగు చూసే మురిసిపోయాను. ఇది ఆయనకి తెలుసు. తెలిసే హార్డెనింగ్ డబ్బు తీసుకున్నాడు, తెలిసే ఫోన్‌లో అయిందని చెప్పాడు. ఫర్నేస్ దొరకట్లేదు, ఇంకో నెల ఆగండి అని ఉంటే ఆగేవాణ్ణి. ఇన్నేళ్లు ఆగినవాణ్ణి ఒక నెల ఆగలేనా?

వచ్చేముందు నా పాత పిన్ ఇవ్వమన్నాను. ఫ్లైవీల్స్ వైపు కొలతల కోసం శాంపిల్‌గా ఇచ్చిన అసలు పిన్ అది. "అదింకా ఎక్కడుంటుంది సార్, స్క్రాప్‌లో పోయింది" అన్నాడు. ఇంజన్ పుట్టినప్పటి నుంచి అందులో ఉన్న పిన్. అరిగినా, చివర్లు మాత్రం ఫ్యాక్టరీ కొలతలోనే ఉన్నాయి. మూలనున్న డబ్బాలో తిప్పతిప్పలుగా టర్నింగ్ పొట్టు. చేతులు పెట్టి వెతికాను, వేళ్లు తెగాయి, దొరకలేదు.

ఇందులో నా తప్పూ ఉంది, దాచను. పాత పిన్ ఇచ్చేముందు నేను కూర్చుని కొలతలన్నీ తీసి డ్రాయింగ్ వేసుకోవాల్సింది. ఒక ఫొటో కూడా తీయలేదు. ఇచ్చిన కాగితం మీద "హార్డ్ చేయాలి" అని రాశానే గాని ఎంత గట్టిగా, ఎంత లోతుకి అని రాయలేదు. ఆ ఆకురాయి పరీక్ష రెండు నిమిషాల పని, క్రాంక్ కూర్చక ముందు పిన్ చివర మీద చేసి ఉంటే రాడ్ బతికేది. అడిగితే ఆయన నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడ్డాను. ఆ మొహమాటానికి రాడ్ పోయింది, పిన్ పోయింది, ఫ్లైవీల్ రంధ్రాల్లో ఇంకోసారి ప్రెస్ చేస్తే పట్టు ఉంటుందో లేదో అన్న టెన్షన్ ఒకటి మిగిలింది.

చేయించుకునేవాళ్లు ఎవరైనా సరే, హార్డెనింగ్ అయిందంటే హీట్ ట్రీట్‌మెంట్ చేసినచోటి స్లిప్ అడగండి. వీలైతే ఆ పనికి మీరే తీసుకెళ్లండి. రాక్‌వెల్ టెస్టింగ్ చేసేచోట పిన్ చివర మీద ఒక్క చుక్క పెట్టించి అంకె రాయించుకోండి. శాంపిల్ పార్టు వదిలి రావాల్సి వస్తే దాని మీద మీ గుర్తు చెక్కి, తిరిగి ఇస్తానని రాయించుకుని ఇవ్వండి.

ఇదే మనిషి దగ్గర వాల్వ్ గైడ్లు (ఇంజన్ హెడ్‌లో వాల్వ్ కాడలు జారే గొట్టాలు) కూడా చేయించాను. ఫాస్ఫర్ బ్రాంజ్ అని చెప్పాడు. రేపు హెడ్ విప్పుతున్నాను.