ఇల్లు కొనేవారి తరగతి: ద్వారకానగర్‌లో ఒక వారాంతపు శిక్షణపై సమీక్ష

విశాఖపట్నంలో ఫ్లాటు కొనదలచిన మధ్యతరగతి కుటుంబం సాధారణంగా మూడు చోట్ల నుంచి సలహా తీసుకుంటుంది: అమ్మే బిల్డరు, అప్పిచ్చే బ్యాంకు, ఇదివరకే కొన్న బంధువు. మొదటి ఇద్దరికీ ఆ కొనుగోలు జరిగితేనే లాభం. మూడోవారికి తన నిర్ణయం సరైనదేనని నిరూపించుకోవాలన్న ఆరాటం ఉంటుంది. ఈ ముగ్గురితో సంబంధం లేకుండా, ద్వారకానగర్‌లోని కోచింగ్ సెంటర్ల నడుమ ఒక చిన్న శిక్షణ సంస్థ శని, ఆదివారాల్లో నడుపుతున్న తరగతికి ఈమధ్య హాజరయ్యాను. ఫీజు 1,500 రూపాయలు. మధురవాడ, పెందుర్తి వైపు ఇల్లు చూస్తున్న యువ దంపతులతో పాటు, పదవీ విరమణ డబ్బును ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేని స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు కూడా వచ్చారు.

శనివారం పాఠం చెప్పినవారు గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైన బ్యాంకు అధికారిణి. ఆవిడ వడ్డీ రేట్ల జోలికి వెళ్లకముందే, 60 లక్షల ఫ్లాటుకు చేతిలో ఎంత డబ్బుండాలో బోర్డు మీద లెక్క వేయించారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలకు పైబడి 75 లక్షల లోపు ఉన్న రుణానికి ఆస్తి విలువలో 80 శాతం మించి అప్పు ఇవ్వకూడదు కనుక, బ్యాంకు నుంచి వచ్చేది గరిష్ఠంగా 48 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే జీఎస్టీ 5 శాతం, మరో 3 లక్షలు. బ్యాంకు ఇవ్వని మిగతా 12 లక్షల మార్జినుతో కలిపితే మొత్తం 19.5 లక్షలు సొంతంగా సమకూర్చుకోవాలి. 'పది లక్షలుంటే చాలు' అనుకుని వచ్చినవారు ఆ బోర్డు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఆ ఒక్క లెక్కతోనే ఫీజు గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

ఈఎంఐ పాఠం కూడా బాగానే సాగింది. 48 లక్షల అప్పును 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 41,655 రూపాయలు కట్టాలి. అందులో మొదటి నెల 34,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 7,655 మాత్రమే. గడువు ముగిసేసరికి కట్టే వడ్డీ దాదాపు 52 లక్షలు. అదే అప్పును 15 ఏళ్లలో తీరిస్తే నెలకు 5,600 పైచిలుకు అదనంగా కట్టాల్సి వచ్చినా, మొత్తం వడ్డీలో 15 లక్షల దాకా మిగులుతుంది. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌ను బట్టి వడ్డీ మారే) గృహరుణాన్ని ముందుగా తీర్చేసినా బ్యాంకు జరిమానా వేయరాదని, అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగి ఇవ్వకపోతే, ఆ జాప్యం బ్యాంకు వల్లే జరిగినప్పుడు, రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని ఆవిడ చెప్పినప్పుడు చాలామంది రాసుకున్నారు. ఈ రెండో నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అప్పుతో పాటు బీమా పాలసీ అంటగట్టే అలవాటు గురించి మాత్రం ఆవిడ రెండు మాటలతో సరిపెట్టారు. పాత కొలువు మీద మమకారం కావచ్చు.

తరగతికి అసలు బలం ఆదివారం ఉదయం పాఠం. రిజిస్ట్రేషన్ వ్యవహారాలు చూసే ఒక న్యాయవాది, పేర్లు కొట్టేసిన నిజమైన దస్తావేజుల నకళ్లు పంచి, వాటిలో లోపం ఎక్కడుందో మమ్మల్నే వెతకమన్నారు. ఈసీలో, అంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటిమాట ఒప్పందాలు, వారసుల మధ్య తగాదాలు, పన్ను బకాయిలు అందులోకి రావు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచి మాత్రమే కాబట్టి, అంతకు ముందరి లింకు దస్తావేజులను (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత పత్రాలను) సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో విడిగా వెతికించుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు వీల్లేని ప్రభుత్వ, దేవాదాయ వంటి భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దని ఆయన పదేపదే హెచ్చరించారు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం నడుస్తున్న అడవివరం, వేపగుంట వంటి పంచగ్రామాల్లో దశాబ్దాలుగా కాపురం ఉంటున్నవారు పడిన ఇబ్బందులు ఈ నగరంలో తెలియనివెవరికి? అయినా కొత్తగా కొనేవారు అక్కడి ధర చూసి మొగ్గుతూనే ఉంటారు.

జీపీఏ మీద అమ్మకం గురించి ఆయన చెప్పినది సూటిగా ఉంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉన్నంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం విషయంలోనూ అంతే స్పష్టత: 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గాని, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గాని కట్టే ప్రాజెక్టు రిజిస్టరు కాకుండా ప్రకటన కూడా ఇవ్వరాదు, కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. బ్రోచర్లలోని సూపర్ బిల్టప్ ఏరియాను (మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి స్థలాల వాటా కలిపిన విస్తీర్ణాన్ని) నమ్మకుండా కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే స్థలం, ఎంతో, భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో అడగమన్నారు. భవనం పాతబడుతుంది, చివరికి విలువ నిలిచేది ఆ గజాలకే. మన బ్రోచర్లలో మాత్రం ఆ అంకె కన్నా స్విమ్మింగ్ పూల్ బొమ్మే పెద్దదిగా ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం 'సంపద నిర్మాణం' పేరుతో సాగిన పాఠం మిగతా వాటి స్థాయిలో లేదు. అద్దె ఇంట్లోనే ఉంటూ, ఈఎంఐకీ అద్దెకూ ఉన్న తేడాను పెట్టుబడి పెట్టడం మేలా అన్నది గంభీరంగా చర్చించదగిన ప్రశ్న. దాన్ని లేవనెత్తి, అద్దె ఎంత శాతం పెరుగుతుందో కూడా లెక్కవేయకుండా వదిలేశారు. ఆ తరవాతి గంటంతా ఆనందపురం వైపు ఒక లేఅవుటు విశేషాలతో గడిచింది. పొద్దున వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి అడగమని నేర్పిన గదిలోనే, మధ్యాహ్నం ఆ అనుమతి నంబరు అడిగినవారికి 'బ్రోచరులో చూసుకోండి' అన్న జవాబు వచ్చింది. నేను చూశాను, అందులో లేదు.

ఉమ్మడి యాజమాన్యం, వీలునామా, నామినీకీ వారసుడికీ ఉన్న తేడా వంటివి అసలు ప్రస్తావనకే రాలేదు. పంచిన నోట్సు పూర్తిగా ఇంగ్లీషులో ఉండటం మరో లోటు. దస్తావేజులు తెలుగులో చదివే పెద్దవారికి అది ఉపయోగపడదు. వెళ్లదలచినవారు తాము చూస్తున్న ఫ్లాటు లేదా స్థలం కాగితాల నకళ్లు వెంట తీసుకువెళ్లడం మంచిది. ఆదివారం ఉదయం పాఠం ముగిశాక న్యాయవాది అరగంట పాటు వాటిని చూసి పెడతారు, దానికి వేరే రుసుము అడగలేదు. భోజనం తరవాత మీరు ఇంటికి వెళ్లిపోయినా అడిగేవారుండరు.