బి12 తగ్గిన పెద్దవాళ్లకు సూదా, మాత్రా? ఏది మేలు?

ఇంట్లో పెద్దవాళ్లు నీరసమన్నారంటే మన ఊళ్లలో ముందు పడేది "బలం సూది". ఎర్రగా ఉండే ఆ మందులో చాలాసార్లు విటమిన్ బి12 ఉంటుంది, కొందరికి గుణం కూడా కనిపిస్తుంది. అయితే రక్తం తీయకుండా వేస్తే చిక్కు వస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పరీక్షలో బి12 ఎక్కువగానే వస్తుంది కాబట్టి, అసలు లోపం ఉందో లేదో తేలదు. అందుకే సూదైనా మాత్రైనా, మొదలుపెట్టే ముందే సీబీపీ (రక్తకణాల లెక్క), బి12, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలకు రక్తం ఇవ్వాలి.

బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం ఉన్నట్టే లెక్క. 200–300 మధ్య ఉండి అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు, కొత్తగా మతిమరుపు ఉంటే బి12 చాలనప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ గానీ మిథైల్‌మలోనిక్ యాసిడ్ గానీ చూడాలి. కిడ్నీలు బలహీనపడినవారిలో బి12 బాగున్నా ఈ రెండూ పెరుగుతాయి. క్రియాటినిన్ అడిగేది అందుకే. సీబీపీలో ఎంసీవీ (ఎర్ర కణాల సగటు పరిమాణం) 100 దాటలేదని ధీమా పడవద్దు. బి12 లోపం ఎర్ర కణాలను పెద్దవి చేస్తుంది, ఐరన్ లోపం చిన్నవి చేస్తుంది. రెండూ కలిస్తే సగటు మామూలుగానే కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ తగ్గకుండానే నరాలు దెబ్బతినడమూ ఉంది.

ఇక మాత్ర సంగతి. "కడుపు పీల్చుకోనప్పుడు మాత్ర వేసుకుని ఏం లాభం?" అని చాలామంది అడుగుతారు. వయసుతో జీర్ణాశయం పొర పలచబడినా, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ ఎసిడిటీకి పాంటోప్రజోల్ గానీ వాడినా ఆహారంలోని బి12 సరిగా ఒంటబట్టదన్నది నిజమే. కానీ జీర్ణాశయం సాయంతో పనిలేకుండా, మింగిన మోతాదులో సుమారు నూటికి ఒక వంతు పేగు గోడ గుండా తనంతట తానే లోపలికి చేరుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రతో దాదాపు 10 మైక్రోగ్రాములు అందుతాయి. రోజుకు కావలసింది రెండు, రెండున్నరే. 1998లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో రోజూ 2000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకున్నవారు, సూదులు వేయించుకున్నవారికి ఏమాత్రం తీసిపోలేదు. మోతాదే ఇక్కడ కీలకం. మామూలు బి-కాంప్లెక్స్ మాత్రలో బి12 కొద్ది మైక్రోగ్రాములే ఉండవచ్చు, దానితో ఈ లెక్క కుదరదు. అట్ట వెనక అంకె చదివి కొనండి. పరగడుపున వేసుకుంటే కాస్త మెరుగు. నాలుక కింద పెట్టుకునే రకానికి అదనపు గొప్పేమీ లేదు.

కాబట్టి లోపం ఓ మోస్తరుగా ఉండి, నరాల లక్షణాలు లేక, మాత్ర రోజూ మర్చిపోకుండా వేసుకోగలిగితే మా ఓటు మాత్రకే. వార్ఫరిన్, అపిక్సాబాన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఇది మరీ నయం. కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారి గడ్డలా వాచే ప్రమాదం తప్పుతుంది.

నరాలు దెబ్బతిన్న గుర్తులుంటే మాత్రం ఆలోచించేదేమీ లేదు, సూదే. ఆలస్యమైన కొద్దీ నష్టం శాశ్వతమవుతుంది. ఇలాంటప్పుడు మెరుగుదల ఆగేదాకా రోజు విడిచి రోజు ఇచ్చే పద్ధతి ఉంది. నరాలు బాగుంటే ఎక్కువగా పాటించే వరస ఇది: 1000 మైక్రోగ్రాములు మొదటి వారం రోజు విడిచి రోజు, తర్వాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపై నెలకొకటి. జీర్ణాశయం గానీ చిన్నపేగు చివరి భాగం గానీ తీసేసినవారికి, వాంతులతో మాత్ర నిలవనివారికి, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండనివారికి సూదితోనే మొదలుపెట్టాలి. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవారికి మొదటి సూదులు ఆసుపత్రిలోనే వేయించండి. కొత్త రక్తకణాలు వేగంగా తయారయ్యే ఆ మొదటి రోజుల్లో పొటాషియం పడిపోవచ్చు, గుండె జబ్బుకు ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారికి అది ప్రమాదం.

రెంటిలో ఏది ఎంచుకున్నా ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఒక్కటే ముందు మొదలుపెట్టకండి. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ లోలోపల ముదురుతూనే ఉంటుంది. ఫెర్రిటిన్ తక్కువ వస్తే ఐరన్ మాత్రతో సరిపెట్టుకోకూడదు. ఈ వయసులో కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి.

పనిచేస్తోందో లేదో వారానికే తెలుస్తుంది, రెటిక్యులోసైట్లు (అప్పుడే తయారైన ఎర్ర కణాలు) పెరుగుతాయి. ఎనిమిది వారాలకు హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి రావాలి. తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది. మాత్ర వాడేవారు మూడు నెలలకు బి12 మళ్లీ చూపించుకోవాలి. సూదుల మీద ఉన్నవారికి ఆ అంకెతో పనిలేదు, సీబీపీ చాలు. ఎనిమిది వారాలైనా హిమోగ్లోబిన్ కదలకపోతే సూదులు పెంచి లాభం లేదు. ఐరన్, థైరాయిడ్, కిడ్నీలు మళ్లీ చూడాలి. అవన్నీ బాగుంటే రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ సంగతి తేల్చడానికి రక్తవ్యాధుల నిపుణుల దగ్గరికి వెళ్లాలి.