14416 టెలి మానస్: మా పిల్లకు పనికొచ్చింది

పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చి, హన్మకొండలో మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది మా అక్క బిడ్డ. కాలేజీలో స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేటప్పుడు అందరి ముందే "ఎస్సీ వాళ్లు లేచి నిలబడండి" అన్నారట. ఆ తర్వాత పక్కన కూర్చునే అమ్మాయి టిఫిన్ పంచుకోవడం మానేసింది. మా పిల్ల రోజూ పొద్దున కడుపునొప్పి అనేది. మందులు వాడినా తగ్గలేదు.

చివరికి టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేశాం. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన సేవ ఇది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. "చిన్నమ్మా, నువ్వు బయట కూర్చో" అని పిల్ల తలుపేసుకుంది. అవతలి మేడమ్ "అవన్నీ పట్టించుకోకు, చదువు మీద దృష్టి పెట్టు" అనలేదట. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మన ఇళ్లల్లో పెద్దలం అందరం ఇచ్చే సలహా అదే కదా! "తప్పు నీది కాదమ్మా" అని, ఏడుస్తుంటే తొందరపెట్టకుండా విన్నదట. తర్వాత నాతో మాట్లాడి, నిద్ర, తిండి గమనించమన్నారు. అవసరమైతే డాక్టర్‌కు కలుపుతామన్నారు.

ఫోన్‌తో పిల్ల బాధ తగ్గుతుంది గానీ క్లాస్‌రూమ్ మారదు. కాలేజీకి పోయి అడగాల్సింది మనమే. కులం పేరుతో అవమానిస్తే ఫిర్యాదుకు 14566 ఉంది. రెండు నంబర్లూ పిల్లల నోట్‌బుక్ వెనక రాసి పెట్టండి.