గ్యారేజ్ డోర్ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ తీసుకునేవాళ్ళు జాగ్రత్త

తలుపు బరువెక్కిందని ఫోన్ చేస్తే, స్ప్రింగ్ వైపు కన్నెత్తి చూడకుండా మోటార్ ఫోర్స్ పెంచి వెళ్ళిపోయే మెకానిక్ మీ ఇంటికీ రావచ్చు. మా ఇంటికి వచ్చాడు. దారిన పోయే మనిషి కాదు, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్‌కి ముందే డబ్బు కట్టించుకున్న కంపెనీ పంపిన మనిషి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఏం చేశారో తెలుసుకోండి, ఆ పని ఎవరు చేసినా పట్టుకోవచ్చు.

మాది రెండు కార్లు పట్టే వెడల్పు స్టీల్ తలుపు. పైన అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ (షాఫ్ట్) మీద రెండు టార్షన్ స్ప్రింగులు, అంటే మెలితిప్పి బిగించినవి. తలుపు లేస్తూ లేస్తూ సగంలో ఆగిపోవడం, మోటార్ మూలగడం మొదలైంది. వచ్చినతను కంటికి కనిపించిన ప్రతిదాని మీదా స్ప్రే కొట్టాడు, చివరికి తలుపు చక్రాలు (రోలర్లు) దొర్లే పట్టాల లోపల కూడా. తర్వాత నిచ్చెనెక్కి మోటార్ మీదున్న రెండు మరలు తిప్పాడు. బటన్ నొక్కితే తలుపు ఝామ్మని లేచింది. కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళాడు.

ఆ రెండు మరల సంగతి చాలామందికి తెలియదు. మోటార్ ఫోర్స్, అంటే తలుపుని నెట్టే బలం, పెంచేదీ తగ్గించేదీ అవే. ఇన్సులేషన్ ఉన్న రెండు కార్ల తలుపు మామూలుగా 70 కిలోలు దాటుతుంది. ఆ బరువును మోసేది మోటార్ కాదు, బిగించి ఉన్న స్ప్రింగులు. అవి సరిగ్గా ఉంటే చేత్తో కూడా తలుపు ఎత్తవచ్చు. మోటార్ పని ఆ కాస్త కదలిక ఇవ్వడమే. మామూలు స్ప్రింగులు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారవుతాయి. రోజుకు 4 సార్లు వాడితే ఏడేళ్ళు కూడా నిండవు. అవి నీరసించినప్పుడు తలుపు బరువులో కొంత మోటార్ మీద పడుతుంది. అప్పుడు ఫోర్స్ పెంచితే తలుపు లేస్తుంది, నిజమే. కానీ కిందికి దిగేటప్పుడు ఏదైనా అడ్డం తగిలితే, ఎంత ఒత్తిడి వస్తే ఆగి వెనక్కి మళ్ళాలో నిర్ణయించేది కూడా ఆ ఫోర్సే. అది పెంచడమంటే, మధ్యలో మనిషి ఉన్నా ఇంకా గట్టిగా నొక్కమని మోటార్‌కి చెప్పడమే.

ఇంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశాడు. మా ఆవిడ గుమ్మం దగ్గర ఊడుస్తుంటే తలుపు దిగుతోంది. చీపురు కర్ర అడ్డంగా ఉన్నా ఆగలేదు, కర్ర మీద కూర్చుని దాన్ని విరిచేసింది. చూస్తే, మధ్యలో ఏదైనా అడ్డొస్తే తలుపుని ఆపడానికి, రెండు పక్కలా నేలకి దగ్గరగా ఉండాల్సిన సెన్సర్లు అక్కడ లేవు. రెండింటినీ పైన మోటార్ పక్కన ఎదురెదురుగా పెట్టి టేప్ చుట్టాడు! వాటి మధ్యకి ఎవరూ రారు కాబట్టి లైట్లు ఎప్పుడూ చక్కగా వెలుగుతూనే ఉంటాయి. అడిగితే 'వైరు లూజుగా ఉంది సార్, టెంపరరీగా పెట్టాను' అన్నాడు. సెన్సర్ అనేది నేల నుంచి 15 సెంటీమీటర్లకు మించని ఎత్తులో ఉండాలి, పాకే పిల్లాడికీ పిల్లికీ అడ్డు తెలిసేది అక్కడే. పిల్లలు తలుపుల కింద నలిగిన ప్రమాదాల తర్వాత అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి ఓపెనర్లకు (తలుపు తెరిచే మోటార్లకు) ఇలాంటి రక్షణ తప్పనిసరి చేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే తుపాకీ పేలినంత చప్పుడుతో ఒక స్ప్రింగ్ తెగింది. అప్పుడు కాంట్రాక్ట్‌లో చిన్న అక్షరాలు చూపించారు: స్ప్రింగులు 'అరిగిపోయే భాగాలు', వాటికి వేరే బిల్లు. సరే అన్నాం. తెగిన ఒక్కదాన్నే మార్చారు. రెండూ ఒకే రోజు బిగించినవి, రెండోది కూడా అంతే వాడకం చూసింది కదా. 'జీవితకాల గ్యారంటీ' అని కొత్త స్ప్రింగ్‌కి రాసిచ్చారు, కానీ అది వస్తువుకే, మళ్ళీ బిగించే కూలీకి కాదు. తలుపు బరువు తూయలేదు, స్ప్రింగ్ తీగ మందం కొలవలేదు, బండిలో ఉన్నది బిగించారు. వేరే మెకానిక్‌ని పిలిపిస్తే, అతను స్ప్రింగుల బిగువు తీసేసి తలుపు కింద మామూలు బరువు చూసే మిషన్ పెట్టి తూచాడు. బిగించినది మా తలుపు కన్నా తేలిక తలుపుకి సరిపోయేదట.

సర్వీసింగ్ అయ్యాక మెకానిక్ ఎదురుగానే ఇవి చేసి చూడండి. తలుపు దిగే చోట నేల మీద సుమారు 4 సెంటీమీటర్ల మందం చెక్క పడుకోబెట్టి మూయండి. తగలగానే వెనక్కి మళ్ళాలి. నొక్కి కూర్చుంటే సంతకం పెట్టొద్దు. తలుపు దిగుతుండగా సెన్సర్ల మధ్య ఒక అట్టపెట్టె తోయండి, చెయ్యి పెట్టకండి. అప్పుడూ తలుపు వెనక్కి మళ్ళాలి. ఇక బ్యాలెన్స్: తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే మోటార్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగి (అది తలుపుని మోటార్ నుంచి విడదీస్తుంది), చేత్తో సగం దాకా ఎత్తి వదలండి. ఉన్నచోట నిలబడాలి. కిందికి జారిపోతుంటే స్ప్రింగ్ బలం చాలలేదు, ఫోర్స్ పెంచి కప్పిపుచ్చుతుండవచ్చు. తెరిచి ఉన్న తలుపుకి, లేదా స్ప్రింగ్ తెగిన తలుపుకి ఆ తాడు లాగకండి, మొత్తం ఒక్కసారిగా మీద పడవచ్చు. స్ప్రింగ్‌నీ, తలుపు కింది మూల కేబుల్ తగిలించి ఉన్న బ్రాకెట్‌నీ మీరే విప్పే ప్రయత్నం అసలొద్దు. వీడియో చూసి చేసే పని కాదు అది.

నూనె పని మాత్రం మీరే చేసుకోవచ్చు. కీళ్ళకీ, స్ప్రింగులకీ, స్టీల్ రోలర్ల బేరింగులకీ సిలికాన్ స్ప్రే లేదా లిథియం గ్రీజు. పట్టాలకి వద్దు, గుడ్డతో తుడిస్తే చాలు. అక్కడ నూనె పడితే దుమ్ము పట్టి ముద్దవుతుంది, మాది ఇప్పుడు అదే స్థితి.

కాంట్రాక్ట్ రాసేవాళ్ళని స్ప్రింగ్, కేబుల్, కూలీ ఇందులో ఉన్నాయా అని అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోండి. 'వచ్చి చూస్తాం' అనే మాటకి డబ్బు కట్టకండి. స్ప్రింగ్ మారిస్తే బిల్లులో తలుపు బరువు, స్ప్రింగ్ తీగ మందం, పొడవు రాయించండి. పాతది తీసుకెళ్ళిపోతామంటే ఇవ్వకండి. మా తెగిన స్ప్రింగ్‌ని వాళ్ళే బండిలో వేసుకుని పోయారు, ఇప్పుడు ఫిర్యాదులో దాని గురించి అడిగితే పారేశామంటున్నారు. టేప్ చుట్టిన సెన్సర్ల ఫోటో మాత్రం మా దగ్గరే ఉంది.